అమ్మ తిన్న గుడి బియ్యం

అన్నం పెట్టే చేతిని చూసి అసహ్యించుకోవడం మంచి లక్షణం కాదని నాకు తెలుసు. అయినా కిందటి నెల బాపట్లలో నాకు కలిగింది అసహ్యమే. దానికి వేరే పేరు పెట్టి మర్యాద చేయదలచుకోలేదు. నా తమ్ముడి కొడుకు కృపాకర్ అక్కడ పాస్టరు. తుపాను తరవాత వేటకు వెళ్ళలేక ఇళ్ళల్లో కూర్చున్న మత్స్యకారులకు బియ్యం పంచుతున్నామని, మేనత్తనైన నేను వచ్చి ప్రార్థన చేయాలని పిలిస్తే తెనాలి నుంచి బస్సెక్కి వెళ్ళాను. షామియానా వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ఇచ్చేవాళ్ళ మొహాలు, ఇచ్చినదాన్ని బట్టి పెద్దవీ చిన్నవీ. పుచ్చుకునేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి సంచికి ఒక కొస పట్టుకోవాలి. రెండో కొస అతిథి పట్టుకుంటాడు. ఫోటో తీసేదాకా ఇద్దరిలో ఎవరూ వదలకూడదు. నాకంటే కొంచెం చిన్నదేమో, ఒకామె పైట కొంగు మొహానికి అడ్డం లాక్కుని వచ్చి నిలబడింది.

“అమ్మా, ఆ కొంగు తియ్యి. మొహం కనపడాలి,” అన్నాడు ఫోటో తీసే అతను.

“బియ్యానికి మొహం దేనికయ్యా? వండేది చేతుల్తోనేగా,” అంది ఆమె.

వరసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. “కనపడకపోతే డబ్బు పంపినోళ్ళకి మేమేం చూపించాలమ్మా? వెనకాల ఎంతమంది ఉన్నారో చూడు,” అన్నాడు. ఆమె కొంగు తీసింది. సంచి పట్టుకుంది. కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల వైపు దించుకుంటే, అతను మళ్ళీ పిలిచి ఎత్తించాడు. నేను ప్రార్థన చేయవలసిన వంతు వచ్చినప్పుడు గొంతు బాగా లేదని చెప్పి కూర్చున్నాను.

చూసింది చూసినట్టు రాసిపెట్టుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. టీచరు ఉద్యోగం చేసినన్నాళ్ళూ, విరమించాకా, అది తప్పలేదు. కృపాకర్ వారం తిరక్కుండా తెనాలి వచ్చి నా ఎదురుగా కూర్చున్నప్పుడు, ఆ రోజు రాసుకున్నదంతా వాడికి చదివి వినిపించాను. కాఫీ చల్లారేదాకా విన్నాడు.

“అత్తా, నువ్వు రాసింది రిపోర్టా, తీర్పా?” అన్నాడు.

“రిపోర్టేరా. తీర్పు రాసేది నేను కాదు. నువ్వు రోజూ ఆయన గురించే చెబుతుంటావుగా, ఆయన.”

వాడికి కోపం రాలేదు. వాడి సహనం నాకు తెలుసు, అది వృత్తిలో భాగం. వచ్చిన పని చెప్పాడు. మా అమ్మ సువార్తమ్మ పేరు మీద ప్రతి నెలా బియ్యం పంచే పరిచర్య మొదలుపెడతాడట. వాడి తండ్రి, అంటే నా తమ్ముడు, పోయేముందు వాడికి సగం కథ చెప్పాడు: నానమ్మ ఒక పెద్దింటి కుటుంబాన్ని ఒక కరువు సంవత్సరమంతా పోషించిందని, దానివల్లే ఆమె మీద దొంగ అనే మాట పడిందని. ఎవరిదా ఇల్లు అన్నది తమ్ముడికి తెలియదు. వాడు అప్పటికి చంటిపిల్లవాడు. తెలిసినవాళ్ళలో బతికున్నది నేనొక్కదాన్నే.

“ఆ ఇంటి పేరు చెప్పు అత్తా. వాళ్ళ పిల్లలో మనవళ్ళో ఇప్పుడు మంచి స్థితిలో ఉండుంటారు. ఒక్కరు స్టేజి ఎక్కి, మేం ఇవాళ ఇలా ఉన్నామంటే ఆ తల్లి పెట్టిన అన్నమే అని సాక్ష్యం చెబితే చాలు. నానమ్మ మచ్చ పోద్ది. పదిమందికి ఇవ్వాలనిపిస్తది. ఇందులో తప్పేంటి?”

తప్పేమిటో చెప్పడానికి మా ఇంటి వంటగది దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

మాది రేపల్లె రైలు కూత వినపడేంత దూరంలో ఉన్న ఒక ఊరు. అంతకుమించి గుర్తులు చెప్పను. చెప్పినవాటిలోనూ కొన్ని మార్చాను. నాన్న రేపల్లె స్టేషనులో గూడ్సు షెడ్డు గుమాస్తా. రోజూ సైకిలు మీద కాలవ గట్టున వెళ్ళి వచ్చేవాడు. అమ్మ మా పేటలోని గుడికి బైబిలు స్త్రీ. పట్నం వాళ్ళు చర్చి అంటారు గాని మాకది గుడే. తెల్లచీర కట్టుకుని, గుడ్డసంచి భుజాన వేసుకుని పేటలూ పల్లెలూ తిరిగి, ఆడవాళ్ళకు వాక్యం చెప్పడం, అక్షరాలు దిద్దించడం, నొప్పులు పడే మనిషిని బండి కట్టించి బాపట్ల ఆసుపత్రికి చేర్చడం ఆమె ఉద్యోగం. ఆమెకిచ్చే జీతం గురించి నాన్న ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: “మీ అమ్మ చెప్పుల ఖర్చుకి సరిపోద్ది, చెప్పులు తొడుక్కోకపోతే.”

మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, వండవలసిన బియ్యం కొలుచుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేవారు. ప్రతి పూటా. ఆ పూట బియ్యం చాలకపోయినా సరే, పిడికెడు తీశాకే ఎసట్లో పోసేవారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ గుడికి వచ్చేవి. పాస్టరు నిలబడే బల్ల ముందు వెడల్పాటి గంపలో ఆడవాళ్ళు తమ తమ బియ్యం కుమ్మరిస్తుంటే వాన మొదలైనట్టు చప్పుడయ్యేది. ఆ బియ్యం దిక్కులేని వాళ్ళకు. దాన్ని మా ఇంట్లో ఉంచి, ఎవరికి ఎంత అవసరమో చూసి పంచే బాధ్యత అమ్మది. దాన్నే మేము గుడి బియ్యం అనేవాళ్ళం.

గుడి బియ్యాన్ని ఎవరూ ఇష్టంగా తినరు. అది చూడగానే తెలిసిపోతుంది. ఒకింటి నుంచి పాత బియ్యం, ఒకింటి నుంచి కొత్తవి, ఒకరివి దంపుడువి, ఒకరివి మరపట్టినవి, కూలికి వెళ్ళినవాళ్ళకు రైతులు కొలిచిన ముతకవి, ఇంకొకరి అటక మీద నెలల తరబడి ముక్కినవి. అన్నీ ఒకే గిన్నెలో ఉడకవు. కొన్ని గంజిలో కరిగి ముద్దవుతాయి, కొన్ని పలుకులుగా పంటికి తగులుతాయి. ఎర్రగింజ తెల్లగింజ కలిసి, మూత తీయగానే ఒక ముక్కవాసన. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కంచం చూసినవాళ్ళకు, గంజి వార్చిన చోటు చూసినవాళ్ళకు, ఈ ఇంటివాళ్ళు గుడి మీద బతుకుతున్నారని ఇట్టే తెలిసేది. ఒంటరి ముసలమ్మలకు అదేమంత బాధ కాదు, వాళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. పరువు గలవాళ్ళకు మాత్రం ఆ అన్నం గొంతు దిగదు.

అందుకని అమ్మ ఒక పని చేసేది. అలాంటి ఇంటికి ఇవ్వవలసి వచ్చినప్పుడు, నాన్న జీతంతో కొన్న ఒకే రకం బియ్యాన్ని కొలిచి వాళ్ళకిచ్చి, అంతకు అంత గుడి బియ్యం తీసి మాకు వండేది. శేరుకు శేరు. గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు. నా బాల్యమంతా ఆ కలగాపులగం అన్నం మీదే గడిచింది. నేను కంచం ముందు మొహం తిప్పుకుంటే నాన్న నన్ను నవ్వించడానికి ఒక్కో గింజా ఎంచేవాడు. “ఇది చూడు, సన్నంగా ఉంది, ఇది పోస్టుమాస్టరు గారింటిది. ఈ ఎర్రది మీ మేరమ్మ పెద్దమ్మది.” పంటికి రాయి తగిలితే మాత్రం తీసి కంచం అంచున పెట్టి, “ఇది ఖచ్చితంగా సంఘపెద్ద గారిదే. ఆయన ప్రార్థన కూడా ఇలాగే తగులుద్ది,” అనేవాడు. అమ్మ నవ్వు ఆపుకుంటూ, “పిల్లల ముందా,” అనేది.

ఒక ఏడు కోతల ముందు తుపాను వచ్చి చేలన్నీ నీళ్ళల్లో పడుకున్నాయి. ఊళ్ళో ఒక పెద్ద రైతు కుటుంబం ఉండేది. ఎత్తరుగుల ఇల్లు, ఇంటి వెనక పశువుల పాక. ఆ ఇంటి యజమాని అంతకుముందే వ్యాపారంలో దెబ్బతిని మంచం పట్టాడు. మిగిలిన ఆశ ఆ పంటే. అది పోయింది. ఆ ఇల్లాలు మాత్రం ఉతికిన చీర కట్టుకుని, వాకిట్లో ముగ్గు వేసి, ఎప్పటిలాగే అరుగు మీద కూర్చునేది. అమ్మ ఆ ఇంటి దొడ్డివైపు నుంచి వెళుతూ పశువుల కుడితి తొట్టి చూసింది. బియ్యం కడిగిన నీళ్ళూ గంజీ పోసే తొట్టి అది. చిక్కగా తెల్లగా ఉండవలసిన కుడితి, అడుగు కనపడేంత తేటగా ఉంది. ఇంటికి వచ్చి నాన్నతో ఆ ఒక్క మాటే చెప్పింది. నాన్న, “మన బస్తా నిన్ననేగా తెచ్చింది,” అన్నాడు. అది ఒప్పుకోవడం. మా నాన్న అంతకంటే తిన్నగా ఎప్పుడూ ఒప్పుకోడు.

ఇవ్వడం ఎలాగ అన్నదే చిక్కు. మా పేట మనిషి వాళ్ళకు దానం చేయడమనేది ఆ రోజుల్లో మాటగా కూడా పుట్టదు. ఆ ఇల్లాలు చచ్చినా పుచ్చుకోదు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి పిలిచింది.

“అమ్మగారండీ, మా పాకంతా చెమ్మండి. బియ్యం బస్తా ముక్కిపోతంది. దానికి తోడు ఎలకలు. మీ కొట్టులో ఓ మూల పెట్టుకోనిస్తారాండి?”

“మా కొట్టులో ఎలకల్లేవనుకున్నావేంటే?” అంది ఆమె.

“ఉంటే ఉంటాయండి. మీ ఎలకలు మర్యాద తెలిసినయ్యండి.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆగిపోవడం నేను చూశాను.

“ఊరికే ఉంచితే పురుగు పడతయ్యండి,” అంది అమ్మ, కిందకు చూస్తూ. “మీరు వాడేసుకుని కొత్త పంటకి కొత్తయ్యి పొయ్యండి. నాకు మేలు చేసినోళ్ళవుతారు.”

ఆ ఇల్లాలు మా అమ్మ వైపు చాలాసేపు చూసింది. తరవాత పాలేరుని పిలిచి, “సువార్తమ్మ బస్తా తెచ్చి మన కొట్టులో పెట్టరా. పాపం, వాళ్ళ పాక కురుస్తందంట,” అంది. గుప్పెడు మెతుకుల కోసం చూస్తున్న ఇల్లు మాకు మేలు చేసిన ఇల్లయింది. అలా కొత్త పంట వచ్చేదాకా నెలకో బస్తా వాళ్ళ కొట్టుకు ‘దాచుకోవడానికి’ వెళ్ళింది. మాకు మూడు పూటలా గుడి బియ్యమే. అమ్మ వాళ్ళను ఏనాడూ గుడికి రమ్మనలేదు. ఒక కరపత్రం కూడా ఇవ్వలేదు. ఎందుకని తరవాత నేను అడిగితే, “ఆకలి మీద వాక్యం చెప్పడం గొంతు పట్టుకుని చెప్పడమే,” అంది.

మా గుడి పెత్తనమంతా చూసే సంఘపెద్ద గారి భార్య మా బడిలో టీచరు. మధ్యాహ్నం నా గిన్నె మూత తీసినప్పుడు వంగి చూసింది. మర్నాడూ చూసింది. “రోజూ ఇదేనా అమ్మాయ్ మీ ఇంట్లో?” అని అడిగింది. అవునండి అన్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరినీ కదలనివ్వకుండా కూర్చోబెట్టి సంఘపెద్ద లేచాడు. రైల్వే జీతం వచ్చే ఇంట్లో దిక్కులేనివాళ్ళ బియ్యం ఎందుకు ఉడుకుతోందో బైబిలు స్త్రీ చెప్పాలన్నాడు.

“బియ్యానికి బియ్యం పోశానండి. మా బస్తా బయటికిచ్చి ఇవి మేం తిన్నాం,” అంది అమ్మ లేచి నిలబడి.

“ఎవరికిచ్చావు?”

“అవసరమైనోళ్ళకండి.”

“పేరు చెప్పమ్మా. మనిషిని పంపి అడిగిస్తాం. నిజమైతే మేమే నీకు దండ వేస్తాం.”

“పేరు చెప్పలేనండి.”

“చెప్పలేకపోతే తిన్నట్టే.”

నాన్న లేవబోయాడు. అమ్మ ఆయన వైపు చూసింది, ఆయన కూర్చున్నాడు. ఆ ఒక్క పేరు ఆమె నోటి నుంచి వస్తే చాలు, ఆమె గౌరవం ఆమెకు దక్కేది. ఆ సాయంత్రానికల్లా ఊరంతా ఇంకో ఇంటి గౌరవాన్ని నమిలేది. అమ్మ అలాగే నిలబడింది. ఆమె సంచి, పాటల పుస్తకం అక్కడే బల్ల మీద పెట్టించుకుని, ఉద్యోగం తీసేశారు. గుడి నుంచి ఇంటికి వచ్చే దారిలో ఎవరూ మాతో నడవలేదు. దేవుడి పేరు నోట్లో పెట్టుకున్నవాళ్ళు ఒక మనిషిని ఎంత నున్నగా నలపగలరో నేను ఆ రోజే చూశాను. అసహ్యం అన్న మాటకు నాకు అర్థం తెలిసింది అక్కడే.

రెండు రోజుల తరవాత ఆ ఇల్లాలు మా పేటకు వచ్చింది. అంతకుముందు ఆమె పాదం మా వైపు పడి ఎరగదు. పెరటి వైపు నుంచి వచ్చి మా పాకలో పీట మీద కూర్చుంది. “నేనొచ్చి మీ గుళ్ళో చెబుతానే. నా కోసం నీకీ గతేంటి?” అంది. అమ్మ ఒప్పుకోలేదు. “మీరు చెబితే నేనిచ్చిందానికి అర్థం లేదండి. మీ అబ్బాయి రేపు ఊళ్ళో తలెత్తుకు తిరగాలండి. నేనెలాగూ అందరి మాటలూ పడేదాన్నే,” అంది. ఆ ఇల్లాలు కళ్ళు తుడుచుకుని, ఏం చేయాలో తోచనట్టు ఇటూ అటూ చూసి, మంచినీళ్ళు అడిగింది. మా కుండలో నీళ్ళు, మా గ్లాసుతో. అమ్మ ముంచి ఇచ్చింది. ఆమె గ్లాసు ఖాళీ చేసి, బోర్లించి, వెళ్ళింది. కొత్త పంట రాగానే బస్తాలకు బస్తాలు తిరిగి వచ్చాయి, పైన ఇంకో బస్తా. అమ్మ ఆ పైది వెనక్కు పంపి, మిగతావి దిక్కులేని వాళ్ళకే పంచింది.

తరవాత కూడా అమ్మ పల్లెలు తిరగడం మానలేదు, జీతం మాత్రం లేదు. ప్రతి పూటా పిడికెడు తీసేది. ఆదివారం వెనక బల్ల నుంచి లేచి వెళ్ళి గంపలో పోసేది. ఆమె పోస్తున్నప్పుడు చుట్టూ కళ్ళు ఆ చేతి మీదే ఉండేవి. పోయేదాకా అలాగే పోసింది. నేను పెద్దదాన్నయి, అన్నీ రాసుకునే అలవాటు ముదిరాక, ఆ పేరు ఎక్కడా రాయవద్దని మాత్రం నా చేత మాట తీసుకుంది. నేను రాయనిది నా జీవితంలో అదొక్కటే.

కృపాకర్‌కు ఇదంతా చెప్పాను. పేరు చెప్పలేదు.

“మరి నానమ్మ దొంగగానే ఉండిపోవాలా?” అన్నాడు. వాడి గొంతులో నిజమైన బాధ ఉంది. అది కాదనను.

“ఆమె ఉండిపోయిందిరా. ఎంచుకుని ఉండిపోయింది. నువ్విప్పుడు ఆమెను విడిపిస్తానంటున్నావు, ఎవరిని పట్టిచ్చి?”

“కాలం మారింది అత్తా. ఇప్పుడు ఎవరూ అలా అనుకోరు. చూపించకపోతే ఇచ్చేవాళ్ళు ఇవ్వరు. నేను రోజూ ఎంతమందికి అన్నం పెడతన్నానో తెలుసా?”

తెలుసు. వాడు పెట్టే అన్నం అమ్మ పెట్టినదానికంటే చాలా ఎక్కువ. దాన్ని తక్కువ చేయడానికి నాకు హక్కు లేదు. అవి ఒకే రకం సన్నబియ్యం, రాళ్ళు లేనివి, బొమ్మ వేసిన సంచిలో కుట్టినవి. అప్పటి గుడి బియ్యం ముక్కినవి, ఇచ్చిన తీరు కడిగిన ముత్యం. ఇప్పటి బియ్యం ముత్యాల్లా ఉన్నాయి. ఆకలిగొన్న మనిషికి రెండూ అన్నమే కావచ్చు. కాని బాపట్లలో ఆమె కొంగు తీయించిన క్షణాన్ని ఏ అన్నం తీర్చగలదో నాకు ఎవరైనా లెక్క కట్టి చెబితే రాసుకుంటాను. కాలం మారిందనేవాళ్ళను నేనొకటే అడుగుతాను: ఆ వరసలో నిలబడి, మీ మొహాన్ని మీరు ఇస్తారా? వాడినీ అదే అడిగాను. వాడు కాఫీ గ్లాసు వంటగదిలో పెట్టి వెళ్ళాడు. పరిచర్యకు అమ్మ పేరు పెట్టలేదు. ఫోటోలు తీయడం కూడా ఆపలేదు.

ఆ తరవాత ఒక సంఘం వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. ఏ ఊరో చెబితే అక్కడికి వచ్చిన ముఖ్య అతిథి ఎవరో తెలిసిపోతుంది గనక చెప్పను. ఆయన అన్ని మతాల సభలకూ వెళ్ళే పెద్దమనిషి, చందాలిస్తాడు, మాట మెత్తన. నేను ఆయన్ను చూడగానే గుర్తుపట్టాను. నుదురూ, నవ్వు మధ్యలో ఆగే తీరూ ఆ ఇల్లాలివే. మనవడు. ఆయనకు నేనెవరో తెలియదు. భోజనాల దగ్గర మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. వడ్డించే ఆమె ఆ పాత సంఘపెద్ద గారి కోడలు. ఆమెకు ఎవరి చరిత్రయినా చెప్పనిదే గరిటె కదలదు.

“ఈవిడెవరో తెలుసాండి? వెనకటికి బైబిలు స్త్రీ సువార్తమ్మని ఉండేది. గుడి బియ్యం తిన్నదని తీసేశారు, ఆవిడ కూతురండి. అయినా చదువుకుని పైకొచ్చింది, మెచ్చుకోవాలి,” అంది ఆయనతో.

ఆయన చేయి విస్తరి మీద ఆగింది. నొచ్చుకున్నాడు. మంచివాడే. నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా, “ఆ రోజులట్లాంటియ్యండి. ఆకలి మనిషి చేత ఏమైనా చేయిస్తది. మీ అమ్మగారిని ఏమనుకోకూడదు,” అన్నాడు.

నా పక్కనే, చేయి చాస్తే అందేంత దూరంలో, అమ్మ గౌరవం కూర్చుని పెరుగన్నం కలుపుకుంటోంది. నోట్లోకి ఒక పేరు వచ్చింది, ఆయన నానమ్మ పేరు. దాన్ని ముద్దతోపాటు మింగాను.

“అవునండి,” అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపి, నాకు ఇంకొంచెం పెరుగు వేయమని ఆమెకు చెప్పాడు.